వినయభూషణుడు విలియం కేరీ

మానవుని సంస్కారవంతునిగా తీర్చిదిద్దే గుణాలలో వినయానికి విశిష్టమైన స్థానం ఉంది. విద్య, ధనం, అధికారం, కీర్తి అనేవి మనిషిని ఉన్నతస్థానానికి చేర్చగలవు. కాని ఆ స్థానంలో అతనిని నిలిపేది వినయమే. ప్రపంచంలోని మతాలన్నీ ఈ సత్యాన్ని తమతమ రీతులలో ప్రబోధించాయి. క్రైస్తవధర్మం గర్వాన్ని అత్యంత ప్రమాదకరమైన దోషంగా పరిగణించింది. ఆరవ శతాబ్దికి చెందిన పోప్ గ్రెగొరీ సకల దుర్గుణాలకు గర్వమే మూలమని బోధించాడు. తన శిష్యుల పాదాలను స్వయంగా కడిగిన క్రీస్తు సేవకుని స్థానమే గొప్పస్థానమని ఆచరణలో చూపించాడు.

గర్వం చెడ్డవారిని మాత్రమే ఆశ్రయించే దోషం కాదు. సత్కార్యాలు చేసేవారిని, భక్తులను, పండితులను అది మరింత సులభంగా లోబరచుకుంటుంది. దొంగతనం, అసత్యం వంటి దోషాలు చేసినవానికి వెంటనే తెలుస్తాయి. గర్వం మాత్రం మంచితనమనే ముసుగు ధరించి మనసులో ప్రవేశిస్తుంది. అందువల్ల దానిని గుర్తించడం కష్టం, గుర్తించి జయించడం ఇంకా కష్టం. ఈ పోరాటాన్ని జీవితాంతం సాగించిన మహనీయులలో విలియం కేరీ ఒకడు. వంగభాషకు వచనగ్రంథాలను, తెలుగుభాషకు ముద్రిత వ్యాకరణాన్ని అందించిన ఈ ఆంగ్లేయుని చరిత్ర మనకు సన్నిహితమైనది.

విలియం కేరీ 1761 ఆగస్టు 17వ తేదీన ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్‌లో పాలర్స్‌పురీ అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి ఎడ్మండ్ కేరీ నేతపనివాడు. అనంతరకాలంలో ఆయన ఆ గ్రామ పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యాడు. ఐదుగురు సంతానంలో విలియం జ్యేష్ఠుడు. బాల్యంలోనే అతనికి మొక్కలపై, పక్షులపై, సముద్రయాత్రల కథలపై మక్కువ ఏర్పడింది. కొలంబస్ కథలను ఎడతెగక చెప్పే ఆ బాలుని తోటిపిల్లలు కొలంబస్ అనే పిలిచేవారు. పొలంపనిలో పెట్టాలని పెద్దలు భావించారు గాని, ఎండ తగిలితే అతని చర్మం బాధపెట్టేది. అందువల్ల పద్నాలుగేళ్ళ ప్రాయంలో అతనిని పిడింగ్టన్ గ్రామంలో జోళ్ళు కుట్టే క్లార్క్ నికొల్స్ వద్ద పనినేర్చుకోవడానికి చేర్చారు.

ఆ దుకాణంలో జాన్ వార్ అనే మరొక యువకుడు కూడా పని నేర్చుకుంటూ ఉండేవాడు. కేరీ కుటుంబం ఇంగ్లండు రాజ్యం గుర్తించిన అధికార మతశాఖకు చెందినది. వార్ కుటుంబం ఆ శాఖకు వెలుపల ఉన్న చిన్న సమాజానికి చెందినది. ఆ కాలంలో అటువంటి సమాజాలవారిని సంఘం చిన్నచూపు చూసేది. కేరీ కూడా తన సహచరుని చులకనగా చూశాడు. పనిచేస్తూనే ఇద్దరూ మతవిషయాలను వాదించుకునేవారు. వాదంలో చివరిమాట ఎప్పుడూ తనదే కావాలని కేరీ పట్టుదల. స్వరం పెంచి గెలిచినప్పటికీ, సత్యం ఎదుటివాని పక్షాన ఉన్నదేమో అన్న సందేహం అతనిని రాత్రివేళ నిద్రపోనిచ్చేది కాదు. ఆ రోజులలో తనకున్న జ్ఞానం కంటే గర్వం ఎన్నో రెట్లు అధికమని ఆయన పెద్దయిన తరువాత నిస్సంకోచంగా వ్రాసుకున్నాడు.

ఆ గర్వాన్ని నేలమట్టం చేసిన సంఘటన ఒక క్రిస్మస్ పండుగ సమయంలో జరిగింది. పని నేర్చుకునే కుర్రవాళ్ళకు వర్తకులు పండుగ మామూళ్ళు ఇవ్వడం అక్కడి ఆచారం. ఇనుప సామాను అమ్మే ఒక వర్తకుడు కేరీకి ఒక షిల్లింగు ఇచ్చాడు. కేరీ ఎంతో సంతోషించాడు గాని, ఏదో కొనబోయినప్పుడు అది చెల్లని నాణెమని తెలిసింది. అతని వద్ద యజమాని సొమ్ము కూడా ఉంది. చెల్లని నాణెం యజమాని సొమ్ములోనిదే అని చెప్పి, మంచి నాణెం తాను తీసుకోవాలని నిశ్చయించుకున్నాడు. ఇంటికి పోతున్న దారిలో ఈ ఒక్క అసత్యం బయటపడకుండా కాపాడుమని దేవుని ప్రార్థించాడు కూడా. కాని యజమాని విచారింపజేయగా నిజం తెలిసిపోయింది. అందరి ముందు కేరీ తలవంచుకోవలసివచ్చింది. చాలాకాలం వీధిలోకి రావడానికి కూడా సిగ్గుపడ్డాడు.

ఈ అవమానం కేరీ జీవితాన్ని మలుపుతిప్పింది. అధికార మతశాఖకు చెందినవాడననే అభిమానం, వాదనాపటిమ, శాస్త్రవాక్యాల పరిచయం ఇవేవీ తనను ఒక చిన్న అబద్ధం నుండి కాపాడలేకపోయాయని గ్రహించాడు. తాను చులకన చేసిన జాన్ వార్ మాటలను శ్రద్ధగా వినడం ప్రారంభించాడు. అతనితో కలిసి ప్రార్థనా సమావేశాలకు వెళ్ళాడు. కొంతకాలానికి బాప్టిస్టు సమాజాన్ని ఆశ్రయించి 1783 అక్టోబరు 5వ తేదీన నెన్ నదిలో బాప్తిస్మం పొందాడు. తన లోపాన్ని తాను చూడగలగడమే వినయానికి తొలిమెట్టు. కేరీ ఆ మెట్టును పరాభవం ద్వారా ఎక్కాడు.

యజమాని దుకాణంలో ఒక బైబిలు వ్యాఖ్యానగ్రంథం ఉండేది. అందులో అక్కడక్కడ కనిపించిన గ్రీకు అక్షరాలు కేరీకి అర్థం కాలేదు. వాటిని యథాతథంగా కాగితంపై దించుకొని, స్వగ్రామంలో చదువుకున్న ఒక నేతపనివాని వద్దకు వెళ్ళి అడిగి తెలుసుకునేవాడు. ఈ విధంగా గ్రీకు, ఆ తరువాత లాటిన్, హీబ్రూ మొదలైన భాషలను అభ్యసించాడు. తెలియనిది తెలియదని ఒప్పుకొని, తెలిసినవాని వద్దకు నడిచివెళ్ళే ఈ స్వభావమే అనంతరకాలంలో ఆయనను బహుభాషావేత్తను చేసింది.

1781లో పంతొమ్మిదేళ్ళ ప్రాయంలో కేరీ డొరొతీ ప్లాకెట్ అనే యువతిని వివాహమాడాడు. ఆమె నిరక్షరాస్యురాలు. చర్చి రిజిస్టరులో సంతకానికి బదులు గీతగుర్తు పెట్టింది. వారి తొలిబిడ్డ పసితనంలోనే జ్వరంతో కన్నుమూసింది. అదే సమయంలో కేరీ కూడా జ్వరపీడితుడై తల వెంట్రుకలను కోల్పోయాడు. పేదరికం ఆ కుటుంబాన్ని వెన్నాడింది. 1785లో మౌల్టన్ గ్రామానికి చేరి అక్కడ పాఠశాల నడిపాడు, చర్చిలో ప్రసంగించాడు, జీవనానికి జోళ్ళు కుట్టాడు. తోలుముక్కలను అతికి భూగోళాన్ని తయారుచేసి, దాని సహాయంతో పిల్లలకు దేశాల స్వరూపాన్ని బోధించాడు.

అదే సంవత్సరం ఓల్నీ పట్టణంలోని చర్చివారు ప్రసంగీకునిగా కేరీ అర్హతను పరీక్షించారు. ఆయన ప్రసంగం వారిని తృప్తిపరచలేదు. మరికొంతకాలం అభ్యాసం చేసిన తరువాత చూద్దామని నిర్ణయించారు. ఆత్మాభిమానం గల యువకునికి అది గట్టిదెబ్బ. కాని కేరీ కోపగించుకొని మరొక సమాజాన్ని వెదుక్కోలేదు. ఆ నిర్ణయానికి తలవంచి, మరొక సంవత్సరం శ్రమించి, 1786లో వారి ఆమోదం పొందాడు. తరువాతి కాలంలో ఎన్నో దేశాలలో పేరు మారుమ్రోగిన వ్యక్తిని ఒక చిన్నపట్టణంలోని సమాజం మొదటిసారి అంగీకరించలేదన్న విషయం విద్యార్థులు గుర్తుంచుకోదగినది.

దూరదేశాలలోని ప్రజలకు క్రైస్తవ సందేశాన్ని అందించడం తమ కర్తవ్యమని కేరీ భావించాడు. 1792లో ఈ విషయాన్ని వివరిస్తూ ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. ఆ సంవత్సరం అక్టోబరు 2వ తేదీన కెట్టరింగ్ పట్టణంలో కొద్దిమంది సమావేశమై ఒక సంఘాన్ని స్థాపించారు. ఆనాడు వారు ఇస్తామని వాగ్దానం చేసిన చందా 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు మాత్రమే. ఆండ్రూ ఫుల్లర్ ఆ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1793 జూన్ 13వ తేదీన కేరీ సకుటుంబంగా ఒక డేనిష్ ఓడలో బయలుదేరి నవంబరులో కలకత్తా చేరుకున్నాడు.

భారతదేశంలో తొలి సంవత్సరాలు ఆయనకు అగ్నిపరీక్షలయ్యాయి. తెచ్చుకున్న ధనం త్వరలోనే ఖర్చయిపోయింది. కుటుంబాన్ని వెంటబెట్టుకొని సుందరవనాలకు వెళ్ళి, అక్కడి నుండి 1794లో మాల్దా ప్రాంతంలోని మద్నావతిలో నీలిమందు కర్మాగారం నిర్వాహకునిగా చేరాడు. ఆ సంవత్సరమే ఐదేళ్ళ కుమారుడు పీటర్ అతిసారంతో మరణించాడు. ప్రయాణానికి మొదట అంగీకరించక, చివరకు బలవంతం మీద బయలుదేరి వచ్చిన డొరొతీ ఈ దుఃఖాన్ని తట్టుకోలేక మతిస్థిమితం కోల్పోయింది. 1807లో మరణించేవరకు ఆమె ఆ స్థితిలోనే ఉంది. ఆమెను వైద్యాలయంలో విడిచిపెట్టుమని మిత్రులు సలహా ఇచ్చినా, కేరీ ఇంటనే ఉంచుకున్నాడు. అయితే ఆమె అభీష్టాన్ని ఆయన ముందే తగినంతగా గౌరవించి ఉంటే ఆ జీవితం వేరుగా ఉండేదేమో అన్న ప్రశ్న పాఠకుని మనసులో మెదలకమానదు. గొప్ప ఆశయం గలవారు తమ వెంట నడిచేవారి బాధను గమనించకపోవడం చరిత్రలో తరచుగా కనిపించే లోపం. కేరీ కూడా ఇందుకు అతీతుడు కాడు.

1800 జనవరిలో కేరీ డేనిష్‌వారి అధీనంలో ఉన్న శ్రీరాంపూర్‌కు చేరుకున్నాడు. అక్కడ జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ అనే ఇద్దరు సహచరులు ఆయనకు లభించారు. మార్ష్‌మన్ ఉపాధ్యాయుడు, వార్డ్ ముద్రణకళలో నిపుణుడు. ఈ ముగ్గురి కుటుంబాలు ఒకే ఇంటి ఆవరణలో నివసిస్తూ, ఒకే పంక్తిలో భుజిస్తూ, సంపాదన యావత్తు ఉమ్మడి నిధిలో చేర్చేవి. ఎవరూ సొంతానికి వ్యాపారం చేయరాదని, ఎవరి సంపాదన వారిదని భావించరాదని నియమం ఏర్పరచుకున్నారు. 1801లో కేరీ కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో బెంగాలీ అధ్యాపకునిగా నియమితుడయ్యాడు. సంస్కృతం, మరాఠీ కూడా బోధించాడు. మొదట నెలకు 500 రూపాయలు, అనంతరం 1,000 రూపాయలు వేతనంగా లభించింది. ఆనాటికి అది పెద్ద మొత్తం. తన కుటుంబ అవసరాలకు స్వల్పభాగం మాత్రం ఉంచుకొని తక్కినదంతా ఆయన ఉమ్మడి నిధికి సమర్పించాడు.

భాషాభ్యాసంలో కూడా కేరీ ఇదే వినయం చూపాడు. పాలకుల జాతికి చెందినవాడననే అతిశయం లేక, దేశీయ పండితులకు శిష్యుడై కూర్చున్నాడు. రామ్‌రామ్ బసు, మృత్యుంజయ విద్యాలంకార్ వంటి విద్వాంసుల సాహాయ్యంతో బెంగాలీ, సంస్కృత భాషలలో ప్రావీణ్యం గడించాడు. పంచానన కర్మకార్ అనే శిల్పి మలచిన అచ్చు అక్షరాలు శ్రీరాంపూర్ ముద్రణాలయానికి జీవం పోశాయి. 1801లో బెంగాలీ కొత్త నిబంధన వెలువడింది. తన అనువాదాలు నిర్దుష్టమైనవని కేరీ ఎన్నడూ భావించలేదు. ఒక ముద్రణ పూర్తికాగానే దిద్దుబాట్లు ప్రారంభించేవాడు. శ్రీరాంపూర్ అనువాదాలలో అనేక దోషాలు ఉన్నాయని తరువాతివారు నిరూపించారు. ఆ మాటను తనే ముందుగా అంగీకరించినవాడు కనుకనే కేరీ జీవితం చివరివరకు వాటిని సవరిస్తూ వచ్చాడు.

మతాభిమానం హద్దుమీరితే అది కూడా గర్వంగానే పరిణమిస్తుంది. 1807లో శ్రీరాంపూర్ ముద్రణాలయం నుండి పారశీక భాషలో వెలువడిన ఒక చిన్న పుస్తకంలో ఇస్లాం ప్రవక్తను గూర్చి పరుషపదాలు చోటుచేసుకున్నాయి. ప్రభుత్వం ఇందుకు ఆగ్రహించింది. మిషనరీలు జరిగిన తప్పును సమర్థించుకోలేదు. విచారం వెలిబుచ్చి, తమ వద్ద మిగిలిన ప్రతులను అధికారులకు అప్పగించారు. తన విశ్వాసాన్ని ప్రేమించడం వేరు, ఇతరుల విశ్వాసాన్ని అవమానించడం వేరు అన్న పాఠం ఈ సంఘటన వారికి నేర్పింది.

1812 మార్చి 11వ తేదీ సాయంకాలం శ్రీరాంపూర్ ముద్రణాలయంలో అగ్నిప్రమాదం సంభవించింది. వార్డ్, మార్ష్‌మన్ ఎంత ప్రయత్నించినా మంటలు ఆగలేదు. తెల్లవారేసరికి ఆ పెద్ద భవనం బూడిదకుప్పగా మారింది. విస్తారమైన కాగితపు నిల్వలు, పద్నాలుగు ప్రాచ్యభాషల అచ్చు అక్షరాలు, అమూల్యమైన వ్రాతప్రతులు నశించాయి. సంస్కృత సంబంధమైన భారతీయ భాషలన్నిటికీ కలిపి కేరీ కూర్చుతున్న మహానిఘంటువు, ఆయన రచించిన తెలుగు వ్యాకరణం, రామాయణ ఆంగ్లానువాదంలో కొంతభాగం అగ్నికి ఆహుతయ్యాయి. ఆ సమయంలో కేరీ కలకత్తాలో ఉన్నాడు. మరునాడు ఉదయం మార్ష్‌మన్ వెళ్ళి ఈ వార్త తెలిపినప్పుడు ఆయన కొంతసేపు మాట్లాడలేకపోయాడు. శ్రీరాంపూర్‌కు తిరిగివచ్చి, పొగలు ఇంకా చల్లారని శిథిలాల నడుమ కన్నీరు కార్చాడు.

ఈ ఆపదను కేరీ స్వీకరించిన తీరు గమనింపదగినది. ఆయన ఎవరినీ నిందించలేదు. ఆ ఆదివారం ప్రసంగానికి కీర్తనల గ్రంథంలోని నలభై ఆరవ కీర్తనను ఎంచుకున్నాడు. ఇవ్వడానికి, తీసుకోవడానికి కూడా దేవునికి అధికారం ఉన్నదని, ఆ నిర్ణయానికి మౌనంగా లోబడడమే మానవుని ధర్మమని బోధించాడు. ఇంతకాలం తాము సాధించిన పనిని చూసుకొని తమలో తాము మురిసిపోయామేమోనని ఆత్మపరీక్ష చేసుకున్నాడు. నడచినదారిని రెండవసారి నడిచేవాడు మరింత నిశ్చయంగా నడుస్తాడనే నమ్మకంతో మళ్ళీ పని ప్రారంభించాడు. అదృష్టవశాత్తు ముద్రణయంత్రాలు, అక్షరాలు పోతపోసే మూసలు దక్కాయి. కరిగి గడ్డకట్టిన లోహాన్ని శిథిలాల నుండి ఏరి, కొద్దినెలలలోనే తిరిగి అచ్చు అక్షరాలను పోతపోశారు.

ఈ అగ్నిప్రమాదవార్త ఇంగ్లండు చేరినప్పుడు ఊహించని మరొక పరిణామం కలిగింది. ప్రజలు విరివిగా విరాళాలు ఇచ్చారు. సుమారు రెండు నెలలలోనే నష్టాన్ని పూరించడానికి సరిపోయే ధనం, దాదాపు 10,000 పౌండ్లు, సమకూరింది. అంతవరకు కొద్దిమందికే తెలిసిన శ్రీరాంపూర్ పేరు ఇంటింటా వినిపించింది. కేరీ చిత్రపటానికి సైతం గిరాకీ ఏర్పడింది. ఇది చూసి సంతోషించవలసిన ఆండ్రూ ఫుల్లర్ భయపడ్డాడు. నిప్పు కంటే కీర్తి ఎక్కువ ప్రమాదకరమని ఆయన తలంచాడు. పొగడ్త అనే ధూపాన్ని ఆఘ్రాణిస్తే దైవానుగ్రహం తొలగిపోతుందేమోనని కేరీని హెచ్చరిస్తూ లేఖ వ్రాశాడు. మిత్రుని పేరు ప్రతిష్ఠలు పెరుగుతున్నప్పుడు అతనిని హెచ్చరించగలగడం నిజమైన స్నేహలక్షణం. ఆ హెచ్చరికను నొచ్చుకోకుండా స్వీకరించడం నిజమైన వినయలక్షణం.

అగ్నిలో నశించిన తెలుగు వ్యాకరణాన్ని కేరీ తిరిగి వ్రాశాడు. 1814లో అది శ్రీరాంపూర్‌లో ముద్రితమైంది. ఆంగ్లంలో వెలువడిన తొలి తెలుగు వ్యాకరణాలలో అది ఒకటి. మరి రెండేళ్ళకు 1816లో మద్రాసులో ఎ.డి. కాంబెల్ తెలుగు వ్యాకరణం, 1840లో సి.పి. బ్రౌన్ తెలుగు వ్యాకరణం వెలువడ్డాయి. వారి గ్రంథాలు కేరీ గ్రంథాన్ని మించిపోయాయి. అయినప్పటికీ తెలుగుదేశంలో నివసించకుండానే, పండితుల నోట విని మన భాషా నియమాలను క్రోడీకరించి, ఒకసారి బూడిదైన గ్రంథాన్ని రెండవసారి వ్రాసిన ఆ పరిశ్రమను తెలుగువారు మరువరాదు.

కేరీ పెద్దకుమారుడు ఫీలిక్స్ జీవితం ఈ సందర్భంలో ప్రస్తావింపదగినది. ఇతడు బర్మాకు వెళ్ళి అక్కడ మిషనరీగా పనిచేశాడు. వైద్యంలో, భాషలలో అతనికి మంచి ప్రజ్ఞ ఉండేది. బర్మా రాజు అతనిని ఆదరించి తన రాయబారిగా కలకత్తాకు పంపాడు. 1814లో నదీప్రమాదంలో భార్యాబిడ్డలను పోగొట్టుకున్నా, ఫీలిక్స్ రాయబారి హోదాలో కలకత్తాలో ఆడంబరంగా జీవించాడు. లోకం దానిని ఉన్నతిగా భావించింది. తండ్రి మాత్రం సేవకుడు కావలసిన కుమారుడు రాయబారి స్థాయికి దిగజారాడని దుఃఖించాడు. ఆ వైభవం ఎంతోకాలం నిలువలేదు. ఫీలిక్స్ పదవిని, రాజు ఆదరణను కోల్పోయి కొన్నేళ్ళు దేశదిమ్మరిగా తిరిగాడు. చివరకు శ్రీరాంపూర్‌కు చేరుకున్నప్పుడు తండ్రి, ఆయన సహచరులు నిందించక అక్కున చేర్చుకున్నారు. 1822లో మరణించేవరకు అతడు బెంగాలీభాషలో విజ్ఞానగ్రంథాల రచనలో కాలం గడిపాడు.

1815లో ఫుల్లర్ మరణానంతరం కేరీకి మరొక కఠినపరీక్ష ఎదురైంది. లండన్ సంఘానికి కొత్త నాయకులు వచ్చారు. శ్రీరాంపూర్ ఆస్తులపై, కార్యకలాపాలపై తమకు అధికారం కావాలని వారు కోరారు. ఇంగ్లండు నుండి వచ్చిన యువ మిషనరీలు పెద్దల పెత్తనం సహించలేక కలకత్తాలో వేరుగా పని ప్రారంభించారు. వారిలో కేరీ అన్నదమ్ముల బిడ్డ యూస్టస్ కూడా ఉన్నాడు. శ్రీరాంపూర్‌వారు రహస్యంగా ధనం కూడబెట్టారన్న అపవాదు కూడా ప్రచారమైంది. జీవితమంతా సంపాదన సమర్పించినవారికి ఇంతకంటే దుస్సహమైనది ఉండదు. 1827లో శ్రీరాంపూర్‌కు, లండన్ సంఘానికి సంబంధం తెగిపోయింది. ఇరుపక్షాలవారూ భక్తులే, ఇరుపక్షాలవారూ తమదే న్యాయమని నమ్మినవారే. ఒక మెట్టు దిగడానికి ఎవరూ సిద్ధపడకపోవడం వల్ల ఆ చీలిక కేరీ జీవితకాలంలో మానలేదు. 1837లో గాని తిరిగి ఐక్యత ఏర్పడలేదు. సత్పురుషుల మధ్య సైతం నేను, నాది అనే భావం ఎంత నష్టం కలిగించగలదో ఈ ఘట్టం నిరూపిస్తుంది. దీనిని గురించి వ్రాసిన లేఖలలో కేరీ తన ఆవేదనను దాచుకోలేదు.

వినయం అంటే పిరికితనం కాదు. అన్యాయాన్ని ఎదిరించవలసినప్పుడు కేరీ వెనుదీయలేదు. గంగాసాగరంలో శిశువులను నీటికి అర్పించే ఆచారాన్ని గూర్చి విచారించి నివేదిక ఇచ్చాడు. 1802లో ఆ ఆచారం నిషిద్ధమైంది. సతీసహగమనానికి వ్యతిరేకంగా సంవత్సరాల తరబడి సమాచారం సేకరించి ప్రభుత్వానికి సమర్పించాడు. 1829 డిసెంబరులో ఆ దురాచారాన్ని నిషేధించిన శాసనాన్ని బెంగాలీలోకి అనువదించే బాధ్యత ఆయనపై పడింది. అది ఆదివారం. ఒక్కదినం ఆలస్యమైనా ఎందరో స్త్రీల ప్రాణాలకు ముప్పు అని గ్రహించి, ఆనాటి ప్రసంగాన్ని మరొకరికి అప్పగించి, సాయంకాలానికి అనువాదం పూర్తిచేశాడు. ప్రసంగవేదికపై తన స్థానం కంటే కర్తవ్యం గొప్పదని ఆయన ఎరుగును.

ఆయన కీర్తి పెరిగినకొద్దీ తన మూలాలను మరువలేదు. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం ఆయనను డాక్టరు బిరుదుతో సత్కరించింది. 1818లో సహచరులతో కలిసి శ్రీరాంపూర్ కళాశాలను, 1820లో వ్యవసాయ, ఉద్యానవన సంఘాన్ని స్థాపించాడు. ఒకసారి గవర్నర్ జనరల్ ఇచ్చిన విందులో ఒక సేనాధికారి, కేరీ పూర్వం జోళ్ళు తయారుచేసేవాడా అని ప్రక్కవానిని చెవిలో అడిగాడట. ఆ మాట కేరీ చెవినబడింది. వెంటనే ముందుకు వచ్చి, తాను కొత్తజోళ్ళు తయారుచేసేవాడిని కూడా కానని, పాతజోళ్ళకు అతుకులు వేసేవాడిని మాత్రమేనని ప్రశాంతంగా తెలియజేశాడని చెప్పుకుంటారు. అవమానించదలచిన ప్రశ్న ఆ సమాధానంతో బలహీనమైపోయింది. తన్ను తాను దాచుకోనివానిని ఎవరు తగ్గించగలరు? నిండుకుండ తొణకదన్న సామెతకు కేరీ ఉదాహరణగా నిలిచాడు.

తన జీవితచరిత్రను ఎవరైనా వ్రాస్తే, ఓపికగా పని చేసుకుపోగల గుణం ఒక్కటే తనకున్నదని వ్రాస్తే చాలునని, అంతకుమించినదేదీ చెప్పనవసరం లేదని యూస్టస్‌తో చెప్పాడు. ఒకప్పుడు తన నుండి వేరుపడిన ఆ యూస్టసే అనంతరం ఆయన జీవితచరిత్రను వ్రాయడం విశేషం.

అవసానదశలో అలెగ్జాండర్ డఫ్ అనే యువ మిషనరీ కేరీని దర్శించి, ఆయన సాధించిన ఘనకార్యాలను గూర్చి మాట్లాడాడు. డఫ్ సెలవు తీసుకొని వెళుతుండగా కేరీ మెల్లగా వెనుకకు పిలిచాడు. తాను మరణించిన తరువాత డాక్టర్ కేరీని గూర్చి గాక, కేరీని రక్షించిన ప్రభువును గూర్చి మాట్లాడుమని కోరాడు. 1834 జూన్ 9వ తేదీన డెబ్బైరెండేళ్ళ వయస్సులో శ్రీరాంపూర్‌లో ఆయన తుదిశ్వాస విడిచాడు. తన సమాధిపై ప్రశంసావాక్యాలు చెక్కరాదని, పేరు, జనన మరణ తేదీలు, దైవకృపపై ఆధారపడే దీనుని ప్రార్థనగా ఒక కీర్తనలోని రెండు పాదాలు మాత్రం ఉండాలని ముందుగానే వ్రాసిపెట్టాడు. ఆ విధంగానే జరిగింది.

చెల్లని షిల్లింగుతో అబద్ధమాడిన కుర్రవాడు, వాదంలో చివరిమాట తనదే కావాలని పట్టుబట్టిన యువకుడు, చివరకు తన పేరునే ఎత్తవద్దని కోరుకునే స్థితికి ఎదిగాడు. ఈ పరిణామం ఒక్కరోజులో సంభవించినది కాదు. పరాభవం, పేదరికం, పుత్రశోకం, అగ్నిప్రమాదం, మిత్రుల ఎడబాటు అనే పాఠాలు ఆయనకు దీనిని నేర్పాయి. కీర్తి అనే పాఠం వీటన్నిటికంటే కఠినమైనది. కేరీ దోషరహితుడు కాడు. కాని తన దోషాలను తాను చూడగలిగాడు, ఇతరులు చూపితే అంగీకరించగలిగాడు. విద్య గడించి ఉన్నతస్థానాలకు ఎదగవలసిన యువత ఈ గుణాన్ని అలవరచుకోవాలి. ఎదిగినకొద్దీ ఒదిగి ఉండడమే విద్యకు సార్థకత.